పని ముగిసింది, పద్దు ముగిసిందా? జాబ్ ఖాతాల ముగింపు: ఒక చరిత్ర

క్రితం భాగంలో జాబ్ కాస్ట్ పత్రాన్ని ఎలా తెరుస్తారో, దానిలోకి పదార్థాలు, వేతనాలు, ఉపరి వ్యయాలు ఎలా వచ్చి చేరతాయో చదివారు. ఈ భాగం దాని రెండో కొసను గురించి. పని పూర్తయ్యాక ఆ పత్రాన్ని ఎప్పుడు మూసివేయాలి? అసలు మూసివేయాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? పాఠాలలో ఈ విషయాన్ని రెండు మూడు వాక్యాలలో తేల్చివేయడం అలవాటు. దాని వెనుక నాలుగైదు వందల ఏళ్ల తగాదాలు ఉన్నాయి కనుక ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం.

మీలో కొందరు ఏ కాంట్రాక్టరు ఆఫీసులోనో, ప్రింటింగ్ ప్రెస్సులోనో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. వీలుంటే అక్కడి కంప్యూటరులో జాబ్‌ల జాబితా ఒకసారి తెరిచి చూడండి. రెండేళ్ల కిందట తాళాలు అప్పగించిన భవనం ఇంకా నడుస్తున్న పనుల కిందే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. భవనంలో జనం కాపురం ఉంటున్నారు. పద్దులో మాత్రం దానికి ఇంకా కప్పు పడలేదు.

ఒక యాత్ర, ఒక ఖాతా

ఏటా ఒక తేదీన లెక్కలు ముగించడం మనకు సహజంగా తోస్తుంది. వర్తకులకు అది మొదటి నుంచీ సహజం కాదు. 15వ శతాబ్దపు వెనిస్ వర్తకులు ఒక్కో సముద్రయాత్రకు, ఒక్కో సరుకుకు ఆవర్జాలో ఒక్కో ఖాతా తెరిచేవారు. సరుకు అమ్ముడుపోయాక ఆ ఖాతాలో మిగిలిన తేడాను లాభనష్టాల ఖాతాకు మళ్లించేవారు. అంతటితో ఆ ఖాతా పని అయిపోయేది. ఆండ్రియా బార్బరిగో అనే వెనిస్ వర్తకుని పుస్తకాలలో ఈ పద్ధతి నేటికీ కనిపిస్తుంది. 1494లో లూకా పాచియోలీ జంటపద్దు విధానాన్ని అచ్చులో వివరించినప్పుడు ఆయన ముందున్నది ఈ వెనిస్ అలవాటే. ఆ వర్తకుని దృష్టిలో కాలం సంవత్సరాలుగా కాదు, యాత్రలుగా నడిచేది. నేటి భాషలో చెప్పాలంటే ఒక్కో యాత్ర ఒక్కో జాబ్.

ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున, చాలామంది సొమ్ముతో నడిపి చూసింది లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ. 1600 డిసెంబర్ 31న చార్టర్ పొందిన ఆ కంపెనీకి మొదటి సంవత్సరాలలో స్థిరమైన మూలధనం లేదు. ప్రతి యాత్రకూ విడిగా చందాలు పోగుచేయాలి, ఓడలు తిరిగి వచ్చాక సరుకు అమ్మి, అసలూ లాభమూ పంచివేసి, ఆ లెక్క మూసివేయాలి. కాగితం మీద ఎంతో శుభ్రమైన ఏర్పాటు.

ఆచరణలో మొదటి యాత్రకే చిక్కు వచ్చింది. జేమ్స్ లంకాస్టర్ నాయకత్వంలో 1601లో బయలుదేరిన నాలుగు ఓడలు 1603లో మిరియాలతో తిరిగి వచ్చాయి. ఆ ఏడు లండన్‌లో ప్లేగు. పైగా రాజుగారి దగ్గర కూడా అమ్మకానికి మిరియాలున్నాయి. సరుకు కదలలేదు. చందాదారులకు డబ్బుకు బదులు మిరియాలే పంచి ఇవ్వవలసి వచ్చింది. మొదటి యాత్ర సొమ్ము చేతికి రాకముందే వారు రెండో యాత్రకు చందా వేయవలసి వచ్చింది. చివరకు రెండు యాత్రల లెక్కనూ కలిపే తేల్చారు. రెంటికీ కలిపి వచ్చిన లాభం 95 శాతం అని చెబుతారు. ఈ అంకె చూసి మురిసిపోకండి. అది ఏటా వచ్చిన లాభం కాదు, ఎన్నో ఏళ్ల మీద పరచవలసిన లాభం. ఆ రెండు యాత్రలలో ఏది ఎంత సంపాదించిందో కూడా అది చెప్పదు. రెండు జాబ్‌లను ఒకటిగా కలిపి మూసివేస్తే పోయేది సరిగ్గా ఆ సమాచారమే.

మచిలీపట్నంలో ఒక జాబ్

ఇప్పుడు మన తీరానికి వద్దాం. కంపెనీ లెక్కలో ఏడో యాత్రది ఒకే ఓడ, పేరు గ్లోబ్. దీనికి పోగైన మూలధనం 15 వేల పౌన్లకు కొంచెం పైన మాత్రమే. కోరమాండల్ తీరపు వర్తకం బాగా ఎరిగిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథునిస్ అనే ఇద్దరు డచ్చివారు దీనికి వర్తకులు. 1611లో బయలుదేరిన గ్లోబ్ అదే సంవత్సరం ఆగస్టులో పులికాట్ చేరింది. అక్కడ డచ్చివారు అడ్డుపడ్డారు. పెటపోలీ, అంటే నేటి నిజాంపట్నం మీదుగా మచిలీపట్నం చేరుకుని వ్యాపారం మొదలుపెట్టారు. ఇక్కడి నూలు బట్టలను తూర్పు దీవులలోనూ సయాంలోనూ అమ్మడం వారి ఆలోచన. అందుకే ఓడ బాంటం, పటానీ తిరిగి 1613 చివరలో మళ్లీ మచిలీపట్నం వచ్చింది. మధ్యలో పటానీలో కెప్టెన్ హిప్పన్ చనిపోయాడు.

ఇక మిగిలింది ముగింపు. బాకీలు రాబట్టాలి, సరుకు ఎక్కించాలి, ఇంటికి పోవాలి. గోల్కొండ సుల్తాను ఏలుబడిలోని బందరు అధికారి ఫ్లోరిస్‌కు బాకీ. నెలలు గడిచినా ఆ సొమ్ము రాలేదు. సాధారణ వర్తకుడైతే దాన్ని వచ్చే ఏటి లెక్కకు తోసి ఊరుకునేవాడు. ఫ్లోరిస్‌కు వచ్చే ఏడు లేదు. ఉన్నది ఈ యాత్ర ఒక్కటే. బాకీని ఇక్కడే వదిలి ఓడ ఎక్కితే అది వేరొక యాత్ర మనుషుల చేతిలో పడుతుంది, లేదా పూర్తిగా పోతుంది. 1614 చివరలో అతడు ఆ అధికారి కొడుకును పట్టి ఓడలోకి తీసుకుపోయాడు. దినచర్యలో రాసిన పేరును బట్టి ఆ కుర్రవాడు వెంకటాద్రి. కుల నియమం వల్ల ఆ ఓడలో అన్నం, నీళ్లు ముట్టక ఉపవాసం ఉన్నాడు. తనకు జాలి కలిగిందని ఫ్లోరిస్ స్వయంగా రాసుకున్నాడు. అయినా బాకీ ముట్టిన తరవాతే వదిలాడు. ఇది దౌర్జన్యం, దీనికి వేరే పేరు లేదు. అయితే అకౌంటెన్సీ విద్యార్థిగా మీరు ఇందులో మరొకటి కూడా చూడాలి. ఖాతా ముగియాల్సిన గడువు మనిషి మీద ఎంత ఒత్తిడి తెస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

గ్లోబ్ 1615లో ఇంగ్లండు చేరింది. చేరిన కొద్ది కాలానికే ఫ్లోరిస్ చనిపోయాడు. చందాదారులకు మూలధనం మీద 200 శాతానికి మించిన లాభం వచ్చింది. ఎవరి సొమ్ము ఎంత తెచ్చిందన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన యాత్రలు ఆ కంపెనీ చరిత్రలో ఎక్కువ లేవని నా అభిప్రాయం. ఒక ఓడ, ఒక మూలధనం, ఒక జట్టు కావడం దానికి కారణం.

ఖాతాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నప్పుడు

మిగతా యాత్రలకు ఆ అదృష్టం లేదు. బాంటంలో ఒకే సమయంలో వేర్వేరు యాత్రల ఏజెంట్లు ఉండేవారు. అందరూ ఒకే కంపెనీ నౌకర్లు, కానీ ఒకరి చందాదారులు వేరు, మరొకరి చందాదారులు వేరు. కాబట్టి ఒకే బజారులో ఒకరి మీద ఒకరు పోటీపడి మిరియాలు కొనేవారు. 1612లో ఎర్రసముద్రంలో ఆరో యాత్ర నాయకుడు హెన్రీ మిడిల్టన్, ఎనిమిదో యాత్ర నాయకుడు జాన్ సారిస్ ఎదురుపడ్డారు. గుజరాత్ ఓడలను ఆపి రాబట్టిన దానిలో ఏ యాత్రకు ఎంత అని ఇద్దరూ తగవులాడుకున్నారు. గోదాముకు ఎవరు అద్దె కట్టాలి, ఒక యాత్ర గుమాస్తా మరో యాత్ర సరుకు కాపలా కాస్తే అతని జీతం ఏ పద్దులో రాయాలి? ఉమ్మడి ఖర్చుల కేటాయింపు అని మీరు చదివినది ఇదే.

1613 నుంచి కంపెనీ మరో ఉపాయం పన్నింది. ఒక్కో యాత్రకు కాక, కొన్ని సంవత్సరాల యాత్రలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి మూలధనం పోగుచేసింది. మొదటి దానికి 4 లక్షల పౌన్లకు పైగా, 1617లో తెరిచిన రెండో దానికి 16 లక్షల పౌన్లకు పైగా చందా పడింది. జాబ్ పెద్దదైంది, ముగింపు ఇంకా కష్టమైంది. గడువు తీరేసరికి తూర్పున అమ్ముడుపోని సరుకు, వసూలు కాని బాకీలు, కట్టిన గోదాములు మిగిలేవి. వాటికి విలువ కట్టి తరవాతి మూలధనానికి అప్పగించాలి. ఎంతకు? పాత చందాదారులకు ఎక్కువ ధర కావాలి, కొత్తవారికి తక్కువ ధర కావాలి. డచ్చి కంపెనీ అయితే 1602 నాటి చార్టర్‌లో పదేళ్లకు లెక్క తేల్చి, కోరినవారికి సొమ్ము తిరిగి ఇస్తామని రాసుకుని కూడా 1612లో ఆ పని చేయలేదు. చివరకు 1657లో క్రామ్‌వెల్ ఇచ్చిన చార్టర్‌తో లండన్ కంపెనీ శాశ్వత మూలధనానికి మారింది. ఆ తరవాత పంచవలసింది మూలధనం కాదు, డివిడెండు. యాత్రకు బదులు సంవత్సరం లెక్కకు కొలమానమైంది.

సంవత్సరం వచ్చి జాబ్‌ను మింగేసింది అనుకోవచ్చు. నిజానికి అది కార్ఖానాలో మళ్లీ తల ఎత్తింది.

కార్డులు, ఆర్డరు సంఖ్యలు

అమెరికా సైన్యంలో ఆయుధ విభాగపు కెప్టెన్ హెన్రీ మెట్‌కాఫ్ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధశాలలో పనిచేశాడు. పుస్తకాలలో గుట్టలుగా పేరుకున్న ఖర్చులను పనుల వారీగా విడదీయలేక విసిగి, ప్రతి ఆర్డరుకూ ఒక సంఖ్య ఇచ్చి, ప్రతి కూలికీ ప్రతి సామగ్రి విడుదలకూ ఆ సంఖ్యతో ఒక కార్డు రాయించే పద్ధతి పెట్టాడు. 1885లో దాన్ని పుస్తకంగా ప్రకటించాడు. కార్డులను ఆర్డరు వారీగా పేర్చి కూడితే ఆ పని ఖర్చు తేలుతుంది. రెండేళ్ల తరవాత ఇంగ్లండులో ఎమిల్ గార్కే, జె. ఎం. ఫెల్స్ రాసిన ఫ్యాక్టరీ అకౌంట్స్ మరో అడుగు వేసింది. కార్ఖానా లెక్కను వ్యాపార ఆవర్జాతో జంటపద్దులో కలిపింది. సామగ్రి, వేతనాలు తయారీ ఖాతాకు, పూర్తయిన వస్తువు విలువ తయారీ ఖాతా నుంచి స్టాకు ఖాతాకు, అమ్మాక అక్కడి నుంచి వ్యాపార ఖాతాకు వెళతాయి. జాబ్ ముగింపు అంటే నేటికీ ఈ మళ్లింపే.

ముగింపు బయటపెట్టే నిజం

భవనాలు, వంతెనల విషయంలో సంవత్సరానికీ జాబ్‌కూ మధ్య పాత తగవు తీరలేదు. పని మూడేళ్లు సాగితే లాభం ఎప్పుడు చూపాలి? మన దేశంలో 1983 నాటి ఏఎస్ 7 ప్రమాణం రెండు దారులనూ అనుమతించింది: పని పూర్తయ్యాకే చూపవచ్చు, లేదా పూర్తయిన శాతాన్ని బట్టి ఏటా చూపవచ్చు. 2002 సవరణ తరవాత శాతం పద్ధతి ఒక్కటే మిగిలింది.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. కాంట్రాక్టు ధర 50 లక్షలు. అంచనా వ్యయం 40 లక్షలు. మొదటి ఏడు 30 లక్షలు ఖర్చయింది, అంటే 75 శాతం. కాబట్టి ఆ ఏడు 37.5 లక్షల రాబడి, 7.5 లక్షల లాభం చూపారు. యజమాని సంతోషించి అందులోంచి కొంత వాడుకున్నాడు. రెండో ఏడు ఇసుక ధర పెరిగి, ఒక స్లాబు మళ్లీ వేయవలసి వచ్చి, మొత్తం వ్యయం 44 లక్షలకు చేరింది. అసలు లాభం 6 లక్షలే. అంటే రెండో ఏడు ఈ జాబ్ 12.5 లక్షల రాబడి మీద 14 లక్షల ఖర్చుతో లక్షన్నర నష్టం చూపాలి. జాబ్‌ను మూసివేయడమంటే ఈ లక్షన్నరను ఒప్పుకోవడం. చాలా ఆఫీసులలో పూర్తయిన జాబ్‌లు తెరిచే ఉండిపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదని మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. తెరిచి ఉన్న జాబ్ మీద ఆ ఖర్చు ‘కొనసాగుతున్న పని’గా ఆస్తుల వైపు కూర్చుంటుంది. బ్యాంకు ఆ ఆస్తిని చూసి అప్పు ఇస్తుంది. లేని గోడను తాకట్టు పెట్టినట్టే.

సాఫ్ట్‌వేర్‌లో రెండు తాళాలు

1972లో జర్మనీలో మొదలైన శాప్ సంస్థ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆర్డరుకు రెండు ముగింపు స్థితులు ఉంటాయి. మొదటిది టెకో, అంటే సాంకేతికంగా పూర్తయినది. పని అయిపోయింది, కొత్త సామగ్రి అడగకూడదు. కానీ ఆలస్యంగా వచ్చే బిల్లులు నమోదు చేసుకోవచ్చు. రెండోది సీఎల్ఎస్‌డీ, అంటే పూర్తిగా మూసినది. ఆర్డరు మీది మొత్తాన్ని మళ్లించి నిల్వను సున్నా చేశాకే ఈ తాళం పడుతుంది, ఆ తరవాత ఒక్క రూపాయి కూడా దానిలోకి పోదు. ఇతర సాఫ్ట్‌వేర్లలో పేర్లు మారవచ్చు. ఓడ రేవు చేరడం ఒకటి, లెక్క తేలడం మరొకటి అన్న పాత అనుభవమే ఈ రెండు తాళాలలో ఉంది.

రెండు తాళాల మధ్య చేయవలసిన పని అంతా మనిషిదే. సామగ్రి ముట్టి బిల్లు రాని కొనుగోలు ఆర్డర్లు ఉన్నాయా? స్టోరుకు తిరిగి వచ్చిన సిమెంటు, ఇనుము ఈ జాబ్‌కు జమ అయ్యాయా? ఉప కాంట్రాక్టరు ఫైనల్ బిల్లు ఎం.బుక్‌లోని కొలతలతో సరిపోయిందా? పని ఇచ్చినవారు పట్టి ఉంచిన డిపాజిట్ ఒక్కటి జాగ్రత్త. లోపాల బాధ్యత గడువు తీరేదాకా అది రాదు. దాని కోసం జాబ్‌ను తెరిచి ఉంచనక్కరలేదు, రావలసిన బాకీగా వేరే ఖాతాలో పెట్టి జాబ్ మూయవచ్చు. ఫ్లోరిస్‌కు ఆ వెసులుబాటు లేదు.

తాళం వేసిన మూడు వారాలకు, ఎక్కడో మరిచిపోయిన 18,000 రూపాయల క్రేన్ అద్దె బిల్లు వస్తుంది. వస్తుందనే అనుకోండి. అప్పుడు ఆఫీసులో ఎవరో ఒకరు, అది చిన్న మొత్తమే కదా, పక్క జాబ్ మీద వేసేద్దాం అంటారు. వేయకండి. పక్క జాబ్ లాభం అబద్ధమవుతుంది, ఈ జాబ్ ఖర్చు కూడా అబద్ధంగానే ఉండిపోతుంది. రేపు ఇలాంటి భవనానికే టెండరు వేసేవారు ఈ మూసిన జాబ్‌ను తెరిచి చదివి ధర కడతారు. అనుమతి తీసుకుని, కారణం రాసి, జాబ్‌ను తిరిగి తెరిచి, బిల్లు నమోదు చేసి, మళ్లీ మూయండి. ఎవరు తెరిచారో, ఏ తేదీన తెరిచారో చిట్టాలో మిగులుతుంది.

కృత్యం: మీకు తెలిసిన ఒక పూర్తయిన పనిని తీసుకోండి. ఇంటి నిర్మాణమైనా, పెళ్లి ఏర్పాట్లయినా సరే. చివరి చెల్లింపు ఏ తేదీన జరిగిందో కనుక్కోండి. పని ముగిసిందని అందరూ అనుకున్న తేదీకీ దానికీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కించి, ఆ మధ్యకాలంలో వచ్చిన ఖర్చులను తేదీల వారీగా ఒక కాగితం మీద రాయండి.