ఫుల్ ట్యాంక్ కుదరని ఊరు

ఆస్పెన్ విమానాశ్రయంలో ఇంధనం అమ్మేవాళ్లది చిత్రమైన బేరం. కొనేవాడు కోటీశ్వరుడు, ట్యాంకరు నిండా సరుకుంది. అయినా వేసవి మధ్యాహ్నం పైలట్ సగంలోనే చాలంటాడు. అమెరికాలోని కొలరాడో కొండల మధ్య, సముద్ర మట్టానికి 7,800 అడుగుల పైన ఉందీ రన్‌వే. మన శంషాబాద్ ఎత్తు రెండు వేల అడుగులే. ఆస్పెన్‌లో గాలి దాదాపు ఐదో వంతు పలచన. ఇంజను ఊపూ తగ్గుతుంది, రెక్కకు దొరికే పట్టూ తగ్గుతుంది. ఎండ 27 డిగ్రీలకు చేరితే విమానానికి అది 11,000 అడుగుల ఎత్తు కిందే లెక్క. నిండు ట్యాంకుల బరువుతో లేవడం కష్టం. అందుకే దూరం వెళ్లేవాళ్లు కొద్దిగా పోయించుకుని లేచి, పల్లంలో ఇంకోచోట దిగి నింపుకుంటారు.

1879లో వెండి కోసం లెడ్‌విల్ నుంచి కనుమ దాటి వచ్చినవాళ్లు వేసిన ఊరిది. 1893లో వెండి ధర పడిపోయింది, ఊరూ చితికింది. 1945లో షికాగో పారిశ్రామికవేత్త వాల్టర్ పెప్కే అడుగుపెట్టాకే మళ్లీ కళ వచ్చింది. మరుసటి ఏడాదే ప్రైవేటు స్థలంలో కంకర రన్‌వే పడింది. 1956లో అది కౌంటీ చేతికి వచ్చింది. దానికి పెట్టిన పేరు టామ్ సార్డీది. ఆయన కలప, ఇనుప సామాన్ల దుకాణం నడుపుతూ, ఊళ్లో అంత్యక్రియల ఏర్పాట్లూ చూసిన కౌంటీ కమిషనర్. విమానాశ్రయాలకు మహానేతల పేర్లే విని అలవాటైన మనకు ఇది ముచ్చటే.

ప్రైవేటు విమానాలకు నేల మీద చాకిరీ చేసే సంస్థల కథ ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం వదిలించుకున్న విమానాలు కొని కొందరు పైలట్లు ఊరూరా తిరిగారు. పొలాల్లో దిగి, డబ్బు పుచ్చుకుని జనాన్ని ఆకాశంలో తిప్పేవారు. 1926లో వచ్చిన విమానయాన చట్టంతో లైసెన్సులు, తనిఖీలు వచ్చాక ఆ తిరుగుడు సాగలేదు. కొందరు ఒకచోట షెడ్డు వేసుకుని ఇంధనం, మరమ్మతు, శిక్షణ మొదలెట్టారు. నేటి 'ఫిక్స్‌డ్ బేస్ ఆపరేటర్లు' వాళ్ల వారసులే.

ఆస్పెన్‌లో వాళ్ల పని చూడాలంటే చలికాలం ఉదయమే చూడాలి. రాత్రంతా బయటున్న జెట్ రెక్క మీద మంచు గరుకు కాగితంలా పేరుకున్నా ప్రమాదమే. ముందు వేడి చేసిన నారింజ రంగు గ్లైకాల్ ద్రావణంతో కడుగుతారు. మంచు ఇంకా కురుస్తుంటే పైన చిక్కటి ఆకుపచ్చ ద్రవం పూస్తారు. అక్కడి నుంచి గడియారం చూసుకోవాల్సిందే. మందు ప్రభావం తగ్గేలోపు లేవాలి, లేదంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడో చిక్కుంది. లోయ ఒక చివర కొండలు మూసుకుపోవడంతో చాలావరకు ఏ వైపు నుంచి దిగుతారో ఆ వైపుకే లేస్తారు. ఎదురుగా ఒక విమానం వస్తుంటే, మందు చల్లించుకున్నది ఆగాల్సిందే.

నన్నడిగితే ఈ వ్యాపారంలో కష్టమైన సేవ 'ఇవాళ కుదరదండీ' అనడమే. 2001 మార్చి 29న లాస్ ఏంజెలిస్ నుంచి అద్దెకు తీసుకున్న ఒక గల్ఫ్‌స్ట్రీమ్-3 జెట్ ఆస్పెన్‌కు బయల్దేరింది. ప్రయాణికులు ఆలస్యంగా వచ్చారు. శబ్దం ఎక్కువ చేసే ఆ రకం విమానం సూర్యాస్తమయమైన అరగంటలోపే అక్కడ దిగాలన్నది అప్పటి నిబంధన. ఆ గడువు సాయంత్రం 6.58. మంచు కురుస్తోంది, చీకటి పడింది. 7 దాటిన కాసేపటికి విమానం రన్‌వేకు ఇవతలే నేలను గుద్దుకుంది. 18 మందీ చనిపోయారు. రన్‌వే కంటికి ఆనకుండానే పైలట్లు మరీ కిందకు దిగారని దర్యాప్తు తేల్చింది. దిగి తీరాలని విమానం అద్దెకు తీసుకున్న వ్యక్తి నుంచి కెప్టెన్‌పై వచ్చిన ఒత్తిడినీ కారణాల్లో చేర్చింది.

వాతావరణం బాగోకపోతే చాలా జెట్‌లు రైఫిల్ పట్నానికి మళ్లుతాయి. అది 5,500 అడుగుల ఎత్తులో ఉంది, లోయ వెడల్పు. ఆస్పెన్‌లో నిలపడానికి చోటు లేనప్పుడు కూడా యజమానిని దింపేసి అక్కడికే పోయి ఆగుతాయి. యజమాని కూడా రైఫిల్‌లోనే దిగాల్సొస్తే, అక్కడి నుంచి ఆస్పెన్‌కు కారులో గంటకు పైగా ప్రయాణం.