రాహుల్ రామ్: డాక్టరేట్ చేసి బేస్ గిటారు పట్టినాయన

ఢిల్లీలోని 'ఇండియన్ ఓషన్' రాక్ బృందంలో రాహుల్ రామ్ బేస్ గిటారు వాయిస్తారు, పాడతారు కూడా. పెద్దల ఊరు మాత్రం మన రాష్ట్రంలోనే, హాసన్ జిల్లా హొళెనరసీపుర. తాత హెచ్. యోగనరసింహం కర్ణాటక సంగీత వాగ్గేయకారులు. తండ్రి హెచ్.వై. మోహన్ రామ్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఆచార్యులుగా పనిచేశారు. ఇందిరాగాంధీకి సమాచార సలహాదారుగా పనిచేసిన హెచ్.వై. శారదా ప్రసాద్ ఈయనకు పెదనాన్న.

రాహుల్ కాన్పూర్ ఐఐటీలో ఎమ్మెస్సీ చేసి, అమెరికాలోని కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. అంత చదివినవాణ్ణి మన ఇళ్ళలో అయితే అక్కడే ఉద్యోగం చూసుకోమంటారు. ఆయన తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. 1991లో ఇండియన్ ఓషన్‌లో చేరారు. సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి అంతకు ముందటేడే ఆ బృందాన్ని మొదలుపెట్టారు.

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు లావు తీగలు ఉంటాయి. మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. వినేవాళ్ళ చెవి పాట మీదా డ్రమ్స్ మీదా ఉంటుంది గానీ, ఆ రెంటినీ కలిపి పట్టేది ఇదే. భజనలో తంబూర ఆగిపోతే ఎట్లుంటుందో, ఇది ఆగినా అట్లే.

బృందానికి పేరు తెచ్చింది 2000లో వచ్చిన 'కందీస' ఆల్బం. అందులోని 'మా రేవా' నర్మదా లోయ జానపదం. ఆందోళనలో తిరిగేటప్పుడు రాహుల్ నేర్చుకున్నది. ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయే ఊళ్ళ పాట అట్లా నగరాల వేదికలెక్కింది. ఆయన కెరీర్‌లో దీన్నే పెద్ద పనిగా చెప్పుకోవాలి. ఆల్బం పేరున్న పాటేమో కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన. 2003లో వచ్చిన 'ఝీనీ' పాటకు మూలం కబీరు. కైవారం తాతయ్య తత్వాలు విన్న చెవులకు ఆ దారి కొత్తేమీ కాదు.

2004లో 'బ్లాక్ ఫ్రైడే' సినిమాకు సంగీతం చేశారు. 2009 డిసెంబరు 25న అషీమ్ చనిపోయారు. 2013లో సుస్మిత్ తప్పుకున్నారు. మొదలుపెట్టిన ఇద్దరూ లేకున్నా, రాహుల్, డ్రమ్స్ వాయించే అమిత్ కిలమ్ కొత్తవాళ్ళను కలుపుకొని బృందాన్ని నిలబెట్టారు. 2014లో 'తందాను', 2023లో 'తూ హై' ఆల్బంలు వచ్చాయి.