వారానికి అర డాలరు వైద్యం

1942 ఆగస్టు 10న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో పది పడకల ఆసుపత్రి ఒకటి తెరుచుకుంది. పేరు ఫీల్డ్ హాస్పిటల్. దగ్గర్లోనే హెన్రీ కైజర్ ఓడల యార్డులు, రాత్రనక పగలనక పని. యుద్ధం ముగిసేలోగా ఆ నాలుగు యార్డుల నుంచి 747 ఓడలు నీళ్లలోకి దిగాయి. ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే సరుకుల ఓడనైతే అయిదు రోజులు నిండకముందే కట్టేశారు. ఈ రికార్డుల గురించి చాలా రాశారు. ఆ ఓడలు కట్టినవాళ్ల ఒంటిని ఎవరు చూసుకున్నారన్నది నాకు అంతకంటే పెద్ద కథ అనిపిస్తుంది.

1940లో రిచ్‌మండ్ జనాభా 24 వేలు కూడా లేదు. మూడునాలుగేళ్లలో లక్ష దాటింది. దక్షిణాది నుంచి నల్లజాతివారు వచ్చారు, బీద రైతులు వచ్చారు, మొదటిసారి వెల్డింగ్ పట్టిన ఆడవాళ్లు వచ్చారు. ఇళ్లు చాలక ఒకే మంచం మీద వంతులవారీగా నిద్రపోయేవారు: ఒకరు షిఫ్టుకు లేస్తే మరొకరు వచ్చి వాలేవారు. దిట్టంగా ఉన్న కుర్రాళ్లను సైన్యం తీసుకుపోయింది. యార్డుకు వచ్చినవాళ్లలో వయసు మళ్లినవారు, పాత జబ్బులవాళ్లు, డాక్టరు ముఖమే ఎరగనివాళ్లు ఎందరో.

వీళ్లను చూసుకోవడానికి కైజర్ పిలిపించిన మనిషి డాక్టర్ సిడ్నీ గార్‌ఫీల్డ్. ఆయన కథ 1933లో మొహావీ ఎడారిలో మొదలైంది. లాస్ ఏంజెలెస్‌కు కొలరాడో నది నీళ్లు తెచ్చే కాలువ పనివాళ్ల కోసం అక్కడ 12 పడకల ఆసుపత్రి కట్టుకున్నారు. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపలేదు. బీమా కంపెనీలు బిల్లులు సరిగా ఇవ్వలేదు. ఆసుపత్రి మూతపడే దశకు వచ్చింది. అప్పుడు హెరాల్డ్ హాచ్ అనే బీమా అధికారి ఒక దారి చూపించారు: దెబ్బ తగిలాక బిల్లు వేయడం మానేసి, ప్రతి కార్మికుడి పేరున రోజుకు అయిదు సెంట్లు ముందే తీసుకోమన్నారు. పనితో సంబంధం లేని జబ్బులకు కార్మికుడే ఇంకో అయిదు సెంట్లు కట్టుకోవచ్చు.

దాంతో వైద్యుడి లెక్కే తలకిందులైంది. గాయం ఇక ఆదాయం కాదు, ఖర్చు. పలకల్లోంచి పొడుచుకొచ్చిన మేకులు కాళ్లలో దిగుతున్నాయని గార్‌ఫీల్డ్ పని జరిగేచోటికి వెళ్లి ఆ మేకులు తీయించడం మొదలుపెట్టారు. చికిత్సకు ముందు నివారణ అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. డాక్టరు బతుకుదెరువును దానికి ముడిపెట్టిన పద్ధతి ఇది. అందుకే దీన్ని అంత విలువైనదిగా చూస్తాను.

రిచ్‌మండ్‌లో అదే సూత్రాన్ని వేల మందికి విస్తరించారు. జీతంలోంచి వారానికి 50 సెంట్లు. చిన్న దెబ్బలకు యార్డులోనే ప్రథమ చికిత్స కేంద్రాలు, ఆపైన ఫీల్డ్ హాస్పిటల్, పెద్ద జబ్బులకు ఓక్లాండ్‌లోని పెర్మనెంటే ఆసుపత్రి. చేరాలన్న నిర్బంధం లేదు. అయినా 1944 ఆగస్టు నాటికి రిచ్‌మండ్ కార్మికుల్లో 92.2 శాతం చేరిపోయారు. పది పడకలు 160 అయ్యాయి. డబ్బుకు జంకక్కర్లేదు కాబట్టి జ్వరం ముదరకముందే మనుషులు వచ్చేవారు. నిమోనియా రోగులు ఎంతగా వచ్చారంటే, ఓక్లాండ్‌లో వాళ్లకు చికిత్స చేసిన డాక్టర్ మోరిస్ కోలెన్ ఆ అనుభవంతో తర్వాత ఏకంగా పుస్తకమే రాశారు.

మన దగ్గర ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు జీతంలో కోత కొత్త కాదు. కార్మికుల ఆరోగ్య బీమాపై బి.పి. అదార్కర్ భారత ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిందీ ఆ 1944లోనే. చట్టం 1948లో వచ్చింది. రెంటికీ చుట్టరికం లేకపోయినా, జబ్బుపడ్డ కూలీ అప్పులపాలు కాకూడదన్న పట్టుదల ఒకటే.

యుద్ధం ముగుస్తూనే యార్డులు ఖాళీ అయ్యాయి. ఉద్యోగంతో ముడిపడిన వైద్యానికి ఉన్న పెద్ద లోపం అప్పుడు బయటపడింది: పని పోయిన మనిషికి కార్డూ పోయింది. 1945లో పథకాన్ని బయటివాళ్లకూ తెరిచారు. స్థానిక వైద్య సంఘాలు మాత్రం ఇక్కడి డాక్టర్లను చాలాకాలం సభ్యులుగా చేర్చుకోలేదు. ఆదుకున్నది కార్మిక సంఘాలే. రేవు కూలీల సంఘం తన సభ్యులను ఈ పథకంలో చేర్చింది. కైజర్ పెర్మనెంటేగా ఎదిగిన ఆ సంస్థలో ఇప్పుడు కోటికి పైగా సభ్యులు. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఆ కార్డు ఉన్నవారున్నారు. కటింగ్ బులెవార్డ్‌లోని ఫీల్డ్ హాస్పిటల్ మాత్రం 1995లో, ఊళ్లో కొత్త ఆసుపత్రి వచ్చాక మూతపడింది.