బాల్కనీ

రోమియో జూలియట్‌లో ‘బాల్కనీ సీను’ అని అందరమూ అంటాం. చిత్రమేమంటే షేక్‌స్పియర్ ఆ నాటకంలో ఎక్కడా బాల్కనీ అనలేదు. రెండో అంకంలో రోమియో తలెత్తి చూసేది కిటికీని. పైన జూలియట్ ఎవరూ లేరనుకుని మనసు విప్పుతుంది, కింద చీకట్లో అతను వింటుంటాడు. ఆ ఎత్తుతో నాటకానికి పని అంతే. ఇటాలియన్ ‘బాల్కోనే’ నుంచి వచ్చిన ఈ మాట ఇంగ్లీషు రాతల్లో మొదట కనిపించేది 1618 ప్రాంతాన. అప్పటికి షేక్‌స్పియర్ పోయి రెండేళ్లు. 1679లో నాటకకర్త థామస్ ఆట్వే ఈ కథను పాత రోముకు మార్చి రాస్తూ నాయికను బాల్కనీ ఎక్కించాడు. మాట వెనుకనున్న జర్మానిక్ మూలానికి దూలమని అర్థం. ఇంగ్లీషు మీదుగా మనకొచ్చాక అది సినిమా హాల్లో నేల, బెంచీలకు పైనుండే ఖరీదైన టికెట్టయింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో బట్టలారేసే చోటు (ప్రేమకు అక్కడ జాగా తక్కువే). పై అంతస్తుకు తమిళనాడులోని కావేరిపాక్కం వైపు తెలుగిళ్లలో మేడ, మిద్దెలతోపాటు తమిళ ‘మాడి’ కూడా వినిపిస్తుంది. నా ఓటు మేడకే. ఈ సీనును తెలుగులో ఆడేవాళ్లు ‘మేడ కిటికీ’ అంటే చాలు, మూలానికీ అదే దగ్గర.