చండీగఢ్ ఒకటో సెక్టారు

మా ఊరికి చుట్టాలొస్తే అందరం ముందు రాక్ గార్డెన్‌కీ, సుఖ్నా చెరువుకీ తీసుకెళతాం. వాటికి కూతవేటు దూరంలోనే ఉన్న కాపిటల్ కాంప్లెక్సుకి తీసుకెళ్లేవాళ్లు తక్కువ. అక్కడికి ఎవరికి వాళ్లు వెళ్లడానికి లేదు. టూరిజం వాళ్ల కౌంటరు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, పేరు రాయించుకుని, గైడు వెంట గుంపుగా నడవాలి. హైకోర్టు, అసెంబ్లీ, సెక్రటేరియట్, ఓపెన్ హ్యాండ్ శిల్పం అన్నీ అక్కడే ఉన్నాయి. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన చోటు అది. చండీగఢ్‌లో ఒక్క పూటే ఉండేవాళ్లకి నేను ఈ నడకే చెబుతాను.

దేశ విభజనతో లాహోరు అవతలికి పోయింది. ఇవతలి పంజాబుకి రాజధాని లేకుండా పోయింది. కొత్త నగరానికి మొదట ప్లాను గీసినవాడు అమెరికన్ ఆల్బర్ట్ మేయర్. ఆయనతో పనిచేస్తున్న మాథ్యూ నొవిట్‌స్కీ 1950 ఆగస్టులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. దాంతో పంజాబు అధికారులు థాపర్, వర్మ యూరప్ వెళ్లి ఆర్కిటెక్టు లె కార్బూజియేని ఒప్పించారు. 1951 ఫిబ్రవరిలో ఆయన ఇక్కడికి వచ్చాడు. ఆయనతోపాటు పియెర్ జన్నెరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఉన్నారు. పెద్ద పేరు కార్బూజియేకి దక్కింది గానీ, ఊళ్లోనే కాపురముండి రోజువారీ పని చూసింది జన్నెరే. 1965 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన అస్థికలు సుఖ్నాలోనే కలిపారు. ఈ మాట చెప్పని గైడు దగ్గర అడిగి మరీ చెప్పించుకోండి.

ఇక కాంక్రీటు సంగతి. అప్పట్లో ఉక్కు ఖరీదు, కూలి చవక. తట్టల్లో మాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు పరంజాల మీదుగా పైకెక్కుతున్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. పోసిన కాంక్రీటుని పూత లేకుండా అలాగే వదిలేశారు. తెనాలి నుంచి వచ్చిన మా చిన్నాన్నని ఒకసారి ఈ టూరుకి తీసుకెళ్లాను. ఆయన జీవితమంతా సెంట్రింగ్ మేస్త్రి. గైడు ఇంగ్లిషులో ఏదో చెబుతుంటే ఈయన గోడ దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించాడు.

“ఒరే అబ్బాయ్, చెక్క సెంట్రింగురా ఇది. పలక పలకకీ గీత పడింది చూడు. ఇదిగో, ఈ అడ్డగీత దగ్గర సాయంత్రం పని ఆపారు, పొద్దున్నే మళ్లీ పోశారు.”

“ప్లాస్టరింగు ఎందుకు చెయ్యలేదంటావ్ బాబాయ్?”

“చేస్తే ఇదంతా కనపడదు కదరా. మేం కంకర తేలినచోటల్లా సిమెంటు పూసి కప్పెట్టేవాళ్లం. వీళ్లు దేన్నీ కప్పెట్టలేదు.”

ఆ గోడ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు. ఆ పలక గీతల మధ్య చెక్కలో ఉన్న ముడి కూడా అచ్చుపడి ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

నడకలో అన్నిటికన్నా గొప్పది అసెంబ్లీ. సమావేశాలు లేని రోజుల్లోనే లోపలికి వెళ్లనిస్తారు, ఫొటోలు తియ్యనివ్వరు. అహ్మదాబాదులో చూసిన కూలింగ్ టవర్ల నుంచి కార్బూజియే సభామందిరం ఆకారాన్ని తీసుకున్నాడు. 2024లో పడగొట్టిన పాల్వంచ థర్మల్ టవర్లు గుర్తున్నవాళ్లు ఆ నడుము సన్నని గొట్టాన్ని చూడగానే పోల్చుకుంటారు. దాని కింద పంజాబ్ శాసనసభ కూర్చుంటుంది. పక్కన పిరమిడ్ కప్పున్న చిన్న సభని శాసన మండలి కోసం కట్టారు. 1966లో రాష్ట్రం విడిపోయాక అది హర్యానా అసెంబ్లీ అయింది. 254 మీటర్ల పొడవైన సెక్రటేరియట్‌నీ రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి. హైదరాబాదు పదేళ్ల ఉమ్మడి రాజధానిగా ఉన్న కాలంలో తెలుగువాళ్లెవరు వచ్చినా నన్ను ఇదే అడిగేవాళ్లు, ఎలా సర్దుకుంటున్నారని. మాకిక్కడ గడువు లేదు, అరవై ఏళ్లుగా అదే సర్దుబాటు.

హైకోర్టుకీ అసెంబ్లీకీ మధ్య పెద్ద మైదానం ఉంది. జనం కాలినడకన తిరగాలని కార్లని కింద రోడ్డుకి దించి మరీ వదిలిన చోటు. గవర్నరు భవనానికి గీసిన నమూనా నెహ్రూకి నచ్చలేదు, అది కట్టనేలేదు. ఓపెన్ హ్యాండ్ మాత్రం కార్బూజియే పోయిన ఇరవై ఏళ్లకి, 1985లో లేచింది. గాలి వాటుకి తిరిగే ఆ లోహపు చెయ్యి భాక్రా నంగల్ వర్క్‌షాపులో తయారైంది. పదేళ్లు గడిచాయి. 1995 ఆగస్టు 31న సెక్రటేరియట్ గుమ్మం ముందు ఆత్మాహుతి బాంబు దాడిలో పంజాబ్ ముఖ్యమంత్రి బియంత్ సింగ్ హతుడయ్యాడు. తర్వాత పహరా పెరిగింది, కంచెలు వచ్చాయి, మైదానం రెండు ముక్కలైంది. ఆ రోజు పోయిన ప్రాణాలు తలుచుకుంటే పహరాని తప్పుపట్టలేను. కానీ జనం కోసం కట్టిన చోటు జనానికి మూసుకుపోయింది. గైడు టూరు ఒక్కటే దాన్ని కొంచెమైనా తెరిచి ఉంచుతోంది, అందుకే దాని మీద నాకింత గౌరవం.

అయితే టూరు ఒకటో సెక్టారులోనే ఆగిపోవడం నాకు నచ్చదు. ఊరికి మొదట్లో కట్టిన ఇళ్లు 22వ సెక్టారులో ఉన్నాయి. ప్యూను స్థాయి ఉద్యోగికి కూడా వరండా, వెనక పెరడు ఉండాలని జేన్ డ్రూ బృందం ఇటుకతో కట్టిన చిన్న ఇళ్లవి. వాటిలో చాలావాటి రూపం మారిపోతోంది. ఇంకా దక్షిణానికి వెళితే 45వ సెక్టారులో బుడైల్ ఉంది, నగరం కన్నా ముందునుంచీ ఉన్న ఊరు. దానిలాంటి పల్లెలు కొన్నిటిని ఖాళీ చేయించి ఈ సెక్టార్లు గీశారు. ఆ శిథిలాల్లోంచి ఏరిన పెంకులూ రాళ్లూ నేక్‌చంద్ చేతిలో రాక్ గార్డెన్ బొమ్మలయ్యాయి. ఒకే బస్సులో ఈ మూడు సెక్టార్లూ చూపించవచ్చు. బుడైల్ కుటుంబాల్లోని కుర్రాళ్లకి గైడు ఉద్యోగాలిస్తే, చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించిన రోజుల గురించి తాతల దగ్గర విన్నది వాళ్లే చెబుతారు.