అహ్మద్‌నగర్ కిలాలో ఇద్దరు ఖైదీలు: ఈమాన్, ఖుషీ, మక్సద్



మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఈమాన్ లేని మనిషికి సుకూన్ ఉండదు, వాడి జిందగీకి మక్సద్ ఉండదు" అని. పిల్లలు నమాజ్‌కు బద్ధకిస్తే అమ్మీ అంటుంది, జుమా బయాన్‌లో ఖతీబ్ సాబ్ అంటారు. ఆ మాట వెనకున్న ఫికర్ నిజమైనదే. కానీ అదే పిల్లవాడు రేపు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉద్యోగంలో చేరతాడు. అక్కడ ఖుదాను నమ్మని ఒక మనిషి హాయిగా, నిజాయితీగా, పదిమందికి సాయపడుతూ బతకడం చూస్తాడు. మనం చెప్పిన దలీల్ ఆ రోజే కూలిపోతుంది. దానిమీద నిలబెట్టిన ఈమాన్ కూడా కదులుతుంది. కాబట్టి ఆ మాట ఎంతవరకు సహీ అన్నది ముందుగా తారీఖ్‌నే అడుగుదాం.

1942 ఆగస్టు 8న బొంబాయిలో కాంగ్రెస్ 'క్విట్ ఇండియా' తీర్మానం చేసింది. మర్నాడు తెల్లవారుజామునే నాయకుల్ని గిరఫ్తార్ చేశారు. వర్కింగ్ కమిటీ వాళ్ళను అహ్మద్‌నగర్ కిలాలో ఖైదు చేశారు. మొత్తం పన్నెండు మంది. అప్పటి కాంగ్రెస్ సదర్ మౌలానా అబుల్ కలామ్ ఆజాద్, జవహర్‌లాల్ నెహ్రూ, సర్దార్ పటేల్, ఆసఫ్ అలీ, ఆచార్య నరేంద్ర దేవ్ అక్కడున్నారు. మన మచిలీపట్నం డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా వాళ్ళలో ఒకరు. విడుదల ఎప్పుడో ఎవరికీ తెలియదు. వీళ్ళలో ఇద్దరు మన సవాల్‌కు జవాబు వెతకడానికి పనికొస్తారు. ఒకరు ఆలిమ్, ఖుర్ఆన్ ముఫస్సిర్. ఇంకొకరికి ఏ మజ్‌హబ్ మీదా నమ్మకం లేదు. ఇద్దరూ ఒకే గోడల మధ్య దాదాపు మూడేళ్ళు గడిపారు.

మౌలానా ఆజాద్ 1888లో మక్కాలో పుట్టారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ వేలమంది మురీదులున్న పీర్. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడికి నౌజవానీలోనే షక్ మొదలైంది. సర్ సయ్యద్ రాతలు చదివాక వంశం నుంచి వచ్చిన నమ్మకాలన్నీ ఒక్కొక్కటిగా వదులైపోయాయి. పాత బంధాలు తెగిపోయాయని చెప్పుకోవడానికే 'ఆజాద్' అన్న కలం పేరు పెట్టుకున్నానని ఆయనే తర్వాత రాశారు. ఆ కష్‌మకష్ చాలాకాలం నడిచింది. 1912లో 'అల్-హిలాల్' పత్రిక మొదలుపెట్టే నాటికి ఆయన మళ్ళీ ఈమాన్ వైపు వచ్చేశారు. ఈసారి అది తండ్రి ఇచ్చిన విరాసత్ కాదు, తాను వెతుక్కుని తెచ్చుకున్నది.

అహ్మద్‌నగర్‌లో ఆయన తెల్లవారకముందే లేచి, తన చేత్తోనే చైనా చాయ్ తయారుచేసుకుని, ఖతూత్ రాసేవారు. అవి హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ సాహెబ్‌కు రాసినవి. షేర్వానీ సాహెబ్ ఒకప్పుడు హైదరాబాద్ రియాసత్‌లో సద్రుస్సుదూర్‌గా పనిచేసిన పెద్దమనిషి. ఆ ఉత్తరాలు జైలు దాటి వెళ్ళే వీలు లేదని తెలిసీ రాశారు. 1946లో అవే 'గుబార్-ఎ-ఖాతిర్' అన్న కితాబ్‌గా వచ్చాయి. అందులో ఒకచోట మన సవాల్‌ను ఆయనే ఎత్తుకుంటారు. ఫల్సఫా షక్ తలుపు తెరుస్తుంది గానీ దాన్ని మూయలేదు. సైన్సు సుబూత్ ఇస్తుంది గానీ దిల్‌కు ఆసరా ఇవ్వదు. ఆ ఆసరా కోసం మనిషి మజ్‌హబ్ వైపే చూడాలి. టూకీగా ఆయన చెప్పింది ఇది.

అయితే ఆ ఆసరా ఆయనకు గమ్ లేకుండా చేసిందా? లేదు. 1943లో కలకత్తాలో ఆయన బేగం జులేఖాకు జబ్బు ముదిరింది. ప్రభుత్వానికి ఏమైనా చెప్పుకోదలిస్తే నేను చేరవేస్తానని జైలు సూపరింటెండెంట్ అన్నాడు. మౌలానా ఒప్పుకోలేదు. అదే సంగతి మాట్లాడటానికి నెహ్రూ వచ్చి చాలాసేపు కూర్చున్నారు. ఆయనకూ అదే జవాబు. ఏప్రిల్ 9న బేగం ఇంతెఖాల్ అయ్యారు. పైకి రోజువారీ పద్ధతి ఏదీ తప్పకుండా నడిచినా, అదంతా ఎంత బలవంతాన చేశారో, లోపల ఎంత కుమిలిపోయారో మౌలానా దాచుకోకుండా రాశారు. కిలా ఆవరణలో ఎవరిదో ఒక పాత ఖబర్ ఉందనీ, ఆ తర్వాత దాన్ని చూస్తే కొత్త బాధ కలిగేదనీ రాశారు. ఖుర్ఆన్‌కు తఫ్సీర్ రాసిన మనిషి పరిస్థితి ఇది.

ఇప్పుడు నెహ్రూ సంగతి. ఆయన భార్య కమల 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో చనిపోయారు. పరలోకం మీద తనకు ఆసక్తి లేదనీ, తన ధ్యాసంతా ఈ లోకం మీదా ఈ బతుకు మీదా ఉందనీ ఆయన దాపరికం లేకుండా రాసుకున్నారు. మరి మక్సద్ లేని మనిషిలా బతికారా? అదే కిలాలో మొక్కలు నాటారు. 1944లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు అయిదు నెలల్లో 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాసి, తోటి ఖైదీలకు అంకితం చేశారు. తాను చనిపోయాక ఏ మతకర్మలూ చేయవద్దనీ, బూడిదలో గుప్పెడు గంగలో కలిపి, మిగిలిన దానిలో ఎక్కువ భాగం విమానం నుంచి దేశంలో రైతులు కష్టపడే పొలాల మీద చల్లమనీ 1954 వసీయత్‌లో రాశారు. ఆయన సియాసత్‌తో మనకు పేచీ ఉండొచ్చు. కానీ ఆ జిందగీలో మక్సద్ లేదని అనడం బేఇన్సాఫీ అవుతుంది.

నెహ్రూ పెద్ద ఖాన్‌దాన్ వాడు, ఆయన మాట వేరు అంటారా? అయితే మన బెజవాడకే రండి. గోపరాజు రామచంద్రరావును అందరూ 'గోరా' అనేవారు. దేవుడు లేడని బహిరంగంగా చెప్పినందుకు కాలేజీ కొలువు పోయింది. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. అంటరానితనం పోవాలని కేవలం ఉపన్యాసాలు ఇవ్వలేదు. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి తన సేవాగ్రామ్‌లోనే జరగాలని, గోరా కోరినట్టు దేవుడి మాట లేకుండానే జరిపించాలని గాంధీజీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. అయినా మార్చిలో పెళ్ళి సేవాగ్రామ్‌లోనే అయింది. గోరా 1975లోనూ, సరస్వతి 2006లోనూ పోయారు. ఖిద్మత్ అన్నది ఈమాన్ ఉన్నవాళ్ళ సొత్తు మాత్రమే కాదని మన జిల్లాల తారీఖే చెబుతోంది.

ఇక సవాల్‌ను తిరగేసి చూద్దాం. ఈమాన్ ఉన్నంత మాత్రాన మక్సద్ దానంతటదే వస్తుందా? ఇమామ్ గజాలీ రహ్మతుల్లా అలైహ్‌ను అడగండి. 1095లో ఆయన బగ్దాద్ నిజామియాలో అందరికన్నా పెద్ద ముదర్రిస్. ఇల్మ్ ఉంది, షోహ్రత్ ఉంది, ఖలీఫా దర్బార్‌లో ఇజ్జత్ ఉంది. ఈమాన్ కూడా ఉంది. షక్‌తో సతమతమైన రోజులు అంతకుముందే గడిచిపోయాయి. అయినా నాలుక పడిపోయి దర్స్ చెప్పలేకపోయారు, అన్నం సహించలేదు. కారణం ఆయనే 'అల్-ముంఖిజ్ మినజ్జలాల్'లో రాశారు. తాను చెప్పే దర్స్ అల్లాహ్ కోసం కాదు, పేరు కోసం అని తనను తాను పట్టుకున్నారు. పదవి వదిలి, ఇంటివాళ్ళకు కావలసినంత ఉంచి, మిగతా మాల్ పంచేసి షామ్ దేశం వెళ్ళిపోయారు. ఆయనకు కరువైంది అఖీదా కాదు, ఇఖ్లాస్.

నేటి లెక్కలు కూడా దీనికి దూరంగా లేవు. 2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఇచ్చిన రిపోర్టులో, అమెరికాలో తమ మజ్‌హబ్‌లో చురుగ్గా పాల్గొనేవాళ్ళలో 36 శాతం మంది 'చాలా సంతోషంగా ఉన్నాం' అన్నారు. ఏ మజ్‌హబూ లేనివాళ్ళలో ఆ మాట అన్నది 25 శాతం. మజ్‌హబ్ పేరు పెట్టుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళలోనూ అంతే, 25 శాతం. అన్ని దేశాల్లో ఇంత తేడా కనబడలేదు, ఈ తేడాకు కారణం మజ్‌హబేనని కూడా ఆ రిపోర్టు తేల్చలేదు. కానీ ఒక్కటి గమనించండి. పేరుకు మాత్రమే ఉన్న మజ్‌హబ్ ఆ లెక్కలో ఏ ఫాయిదా చూపలేదు. సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడటం, మయ్యత్ ఇంటికి అన్నం పంపడం, బీమార్‌ను పలకరించడం వంటివి లేని చోట ఈమాన్ నోటిమాటగానే మిగులుతుందేమో.

"మరి జిక్ర్‌తోనే దిల్‌కు ఇత్మినాన్ అని ఖుర్ఆన్ చెప్పింది కదా?" అని మీరడగొచ్చు. చెప్పింది, అది హఖ్. కానీ ఇత్మినాన్ అంటే కన్నీళ్ళు రాకపోవడం కాదు. యాఖూబ్ అలైహిస్సలామ్ కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా పోయిన సంవత్సరానికి మన సీరత్ కితాబుల్లో ఆముల్ హుజ్న్, అంటే గమ్ సంవత్సరం అని పేరు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ పసికొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నారు. గమ్ రాకుండా ఈమాన్ ఆపదు. గమ్ వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకోవాలో, ఎవరి దగ్గరికి తిరిగి వెళ్ళాలో చెబుతుంది. కిలాలో ఆజాద్‌కూ నెహ్రూకూ ఖైదు ఒకటే, దేశం కోసం పెట్టుకున్న మక్సద్ ఒకటే. తేడా ఉన్నది ఇక్కడ.

కాబట్టి పిల్లలతో మాట్లాడేటప్పుడు "బేటా, ఈమాన్ లేకపోతే నువ్వు సుఖపడవు" అని బెదిరించకండి. అది వాళ్ళు ఒక్కరోజులో తప్పని తేల్చగల మాట. ఖుషీ కోసమే ఈమాన్ అంటే, ఖుషీ తగ్గిన రోజు ఈమాన్‌నూ వదిలేయొచ్చని మనమే నేర్పినట్టు. హఖ్ అని నమ్మాం కాబట్టి నమాజ్ చేస్తున్నామని చెప్పండి. వాళ్ళు షక్‌తో వస్తే తలుపు వేయకండి, నోరు మూయించకండి. పీర్ల ఇంట్లో పుట్టిన ఆజాద్‌కే ఆ దారి తప్పలేదు. ఖుదాను నమ్మని దోస్త్ మంచివాడని మీ అబ్బాయి చెబితే, "అవును, మంచివాడే. ఓసారి ఇంటికి తీసుకురా, కలిసి అన్నం తిందాం" అనండి.

వస్సలామ్.