క్యాట్‌ఫిష్ మేతలో చేపపొడికి బదులు ఇతర మాంసకృత్తులు

వాలుగ, జెల్ల, మార్పు వంటి మీసాల చేపలనే క్యాట్‌ఫిష్ అంటారు. వీటిని పెంచే రైతుకు అన్నిటికంటే పెద్ద ఖర్చు మేతదే. అందులోనూ ఖరీదైన దినుసు చేపపొడి. 60 నుంచి 70 శాతం మాంసకృత్తులుండే ఈ పొడిలో పెద్ద వాటా పెరూ తీరంలో పట్టే ఆంకోవెటా అనే చిన్న చేపది. 1972–73 ఎల్‌నినోకు ఆ వేట కుప్పకూలింది. చేపపొడి ధర ఎగబాకింది, దాని వెంటే సోయా ధరా లేచింది. 1973 వేసవిలో అమెరికా సోయా ఎగుమతులనే కొన్నాళ్లు ఆపేసింది.

చేపపొడిని వదిలించుకోవడంలో ముందున్న చేపల్లో ఒకటి అమెరికా చానల్ క్యాట్‌ఫిష్. మిసిసిపి, అలబామా, అర్కాన్సాస్ చెరువుల్లో పెరిగే ఈ చేప దొరికినదల్లా తింటుంది. అమ్మకానికి పెంచే చేపల మేతలో 28–32 శాతం మాంసకృత్తులుంటే సరిపోతుంది. అమైనో ఆమ్లాలు తగిన పాళ్లలో అందాలి, అంతే. మిసిసిపిలోని స్టోన్‌విల్ పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి ఈ మేతల మీద పరిశోధనలు చేసింది. ఇప్పుడు అక్కడి పెంపకపు మేతల్లో చేపపొడి దాదాపు లేదు. ఈ మార్పు వెనుక సముద్రం మీద బెంగ కంటే మేత ఖర్చు లెక్కే ఎక్కువ. హేచరీల్లో చేపపిల్లలకు మాత్రం ఇప్పటికీ చేపపొడి తప్పడం లేదు.

ప్రధాన ప్రత్యామ్నాయం సోయా చెక్క. 44–48 శాతం మాంసకృత్తులు, మంచి పాళ్లలో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం దీని బలం. మరో అమైనో ఆమ్లం మెథియోనిన్ కాస్త తక్కువ. పచ్చి సోయాలో జీర్ణక్రియను అడ్డుకునే పదార్థం ఉంటుంది కనుక వేడి చేయాల్సిందే. దీనిలోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో చిక్కుకుని చేపకు ఒంటబట్టదు. ఫైటేజ్ ఎంజైమ్ కలిపితే విడుదలవుతుంది. పత్తిగింజల చెక్క చవకే గాని, అందులో గాసిపాల్ అనే పదార్థం ఉంది. అసలే తక్కువగా ఉన్న లైసిన్‌ను అది బిగించేస్తుంది. అందుకే పరిమితంగా వాడి, విడిగా లైసిన్ కలుపుతారు.

మొక్కజొన్నతో చిక్కు వేరు. ఇథనాల్ తీయగా మిగిలే డీడీజీఎస్ అనే ఎండు పిప్పిని లైసిన్‌తో కలిపి చేపకు మేపవచ్చు, పెరుగుదలకు లోటుండదు. గ్లూటెన్ మీల్ మాంసకృత్తుల్లో ఇంకా చిక్కనిది. దానిలోని శాంథోఫిల్ అనే పసుపు రంగే ఇబ్బంది: మోతాదు మించితే తెల్లగా ఉండాల్సిన ముక్క పసుపెక్కుతుంది, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మేత బాగుండి కూడా చేప అమ్ముడుపోని పరిస్థితి ఇది.

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పెంచే పంగాసియస్ కూడా క్యాట్‌ఫిష్ కోవకు చెందిన చేపే. సోయా చెక్క, తవుడు కలిసిన తేలే గుళికలే దాని తిండి.

కొత్తగా వినిపిస్తున్నది బ్లాక్ సోల్జర్ ఈగ పురుగుల పొడి. కొవ్వు తీస్తే సగానికి పైగా మాంసకృత్తులే. ఐరోపా సమాఖ్య 2017 జులై నుంచి చేపల మేతలో కీటకాల పొడిని అనుమతించింది. పురుగులను పెంచి ఆరబెట్టే ఖర్చు తగ్గితే తప్ప, సోయా చెక్క ధర ముందు అది నిలవడం కష్టం.